చేతికర్ర కాదు, సర్దారు కట్టె

మా పెరట్లో చిక్కుడు తీగకు దొరికిన ఆసరా శ్రీరాంపూర్ మొత్తంలో ఇంకే తీగకూ దొరికి ఉండదు. మెరిసే అల్యూమినియం కర్ర, కింద నాలుగు కాళ్లు, ఆ కాళ్లకు రబ్బరు తొడుగులు, పైన చేతికి మెత్తగా తగిలే పిడి. మా బిడ్డ కరీంనగర్‌లో మందుల షాపులన్నీ తిరిగి వాళ్ల బాపు కోసం ఏరి కొనుక్కొచ్చిన చేతికర్ర అది. ఆమె ఎక్కిన బస్సు మలుపు తిరిగిందో లేదో, మా ఆయన దాన్ని తీసుకుపోయి చిక్కుడు పాదులో దిగేశాడు.

"గీ తీగకు నడుము లేదు. దీనికి కావాలె గని నాకెందుకే?" అన్నాడు.

తీగకు ఏ మొహమాటమూ లేదు. వారం తిరిగేసరికి కర్రను చుట్టుకుని పిడి దాకా పాకింది.

మా ఆయన బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. గనిని మేం బాయి అంటాం. సర్దారంటే పని చేయించేవాడని చాలామంది అనుకుంటారు కానీ, అసలు పని వేరే ఉంది. షిఫ్టు మొదలవగానే అందరికంటే ముందు లోపలికి పోయి, చేతిలో ఉన్న కట్టెతో పైకప్పును తట్టి వినాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిన కప్పు డొల్లగా మోగుతుంది. ఆయన "పోండ్రి" అంటేనే మనుషులు లోపలికి పోవాలి. "బయటికి" అంటే చేతిలో ఉన్నది అక్కడే పడేసి బయటికి రావాలి. ఎందుకని అడిగే ఆచారం లేదు. అడుగుతూ నిలబడ్డవాడు మిగలడని వాళ్లందరికీ తెలుసు.

అట్లాంటి మనిషికి డెబ్బై దాటాయి. ఆ సంగతి ఆయనకు తప్ప మా కాలనీలో అందరికీ తెలుసు. ఆయన లెక్కలో ముసలోళ్లంటే వేరే జాతి. పొద్దున చాయ్ హోటల్ దగ్గర చేరే తన బాయి దోస్తులను "గా ముసలోళ్లు" అంటాడు. వాళ్లలో చాలామంది ఆయనకంటే చిన్నవాళ్లే. బస్సులో ఎవరైనా పిల్లగాడు లేచి "కూర్చో తాతా" అంటే, ఆ పిల్లగాడేదో తిట్టినట్టు చూసి, కరీంనగర్ దాకా కమ్మీ పట్టుకుని నిలబడే వస్తాడు. ఆ సీట్లో నేను కూర్చుంటాను. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచీ నాకు టికెట్టు లేదు, సీటుంది. ఆయనకు టికెట్టుంది, సీటు లేదు. ఈ మాట ప్రతి ప్రయాణంలోనూ ఒకసారైనా గుర్తు చేస్తుంటాను.

ఇదంతా ఎక్కడ చెడిందంటే, ఆషాఢంలో ఒక వాన తెల్లారి ఆయన ఆ చాయ్ హోటల్ మెట్టు మీద జారి పడ్డాడు. పెద్ద దెబ్బేం తగల్లేదు. తుంటి కమిలింది, మోచేయి గీసుకుపోయింది. కానీ పడ్డది తను ముసలోళ్లని పిలిచే వాళ్లందరి కళ్ల ముందు. పైగా నలుగురు కలిసి లేవనెత్తారు. ఆ నలుగురిలో ఒకరికి ఒక కన్ను సరిగా కనపడదు.

ఆ రోజు నుంచి మా ఆయన గేటు దాటలేదు. గడప లోపల ఉండడానికి మనిషికి ఇన్ని కారణాలు దొరుకుతాయని నాకు అంతకుముందు తెలియదు. పొద్దున ముసురు. పదింటికి ఎండ. సాయంత్రం కుక్కలు. హోటల్‌లో చాయ్ నీళ్లైపోయింది. అక్కడ కూర్చునేవాళ్లకు మాట్లాడ చాతకాదు. ఇట్లా దేశంలో ఉన్న లోపాలన్నీ చెప్పాడు కానీ, "నాకు భయమైతుంది" అన్న ఒక్క మాట చెప్పలేదు.

బయటికి పోని మనిషి ఇంట్లో ఏం చేస్తాడు? నా వంట తనిఖీ చేస్తాడు. కూరలో ఉప్పు ఎప్పుడు వేయాలో చెబుతాడు. నేను గిన్నె మీద మూత పెడితే తీస్తాడు, తీస్తే పెడతాడు. బాయిలో వందమంది మీద చేసిన పెత్తనమంతా తెచ్చి ఒక్కదాని మీద చేస్తే ఆ ఒక్కటి ఏమైపోవాలి? దానికి తోడు ఆదివారం అంగడి కూడా ఆగింది. పెళ్లయిన నాటి నుంచీ అంగడికి ఇద్దరమే పోతాం. ఆయన సంచి పడతాడు, నేను బేరమాడతాను. ఆయన మానేశాక రెండు వారాలు ఒక్కదాన్నే పోయాను. సంచి బరువు ఎక్కువై దారిలో ఎవరి అరుగు కనిపిస్తే దాని మీద కూర్చుంటూ వచ్చాను. తర్వాత ఇంటి ముందుకు వచ్చే బండి దగ్గరే కొనడం మొదలుపెట్టాను. నా మోకాళ్ల సంగతి ఇక్కడ అప్రస్తుతం.

చూస్తూ చూస్తూ ఉండగా ఆయన నడక మారింది. వరండాలో నాలుగు అడుగులు వేయాలన్నా గోడ మీద చేయి వేసేవాడు. కాళ్లు సన్నబడ్డాయి. డాక్టర్ చూసి, ఇట్లాగే కూర్చుంటే కూర్చోవడం కూడా పోయి మంచమే మిగులుతుందని మొహం మీదే చెప్పాడు. మా బిడ్డ ఆ మాట వినగానే నిర్ణయం చేసేసింది.

"అవ్వా, దసరాకు అచ్చి మిమ్ములను తీసుకపోతా. ఈడ మెట్లున్నయి, బురదున్నది. మా అపార్ట్‌మెంట్ల లిఫ్టున్నది. కూరగాయలు, పాలు, మందులు అన్నీ ఫోన్ల పెడితె ఇంటికే అస్తయి. మీరు కాలు కింద పెట్టేటి పనే ఉండది."

ఎంత ప్రేమగా చెప్పిందో! కరీంనగర్ మీద నాకు కోపం లేదు. బిడ్డ మీద అసలే లేదు. కానీ కాలు కింద పెట్టే పని లేకపోతే కాళ్లు ఏం చేస్తాయి? అక్కడికి పోతే ఆయన సోఫాలో కూర్చుంటాడు, ఇక లేవడు. ఆయన ఎదురుగా నేను కూర్చుంటాను. నాకు ఆ సోఫా అంటే నిజంగా భయమేసింది.

బుజ్జగించాను, పోట్లాడాను. ఒక రోజు అన్నం తినకుండా కూడా కూర్చున్నాను. ఆయన నా పళ్లెం తీసుకుని తనే తిన్నాడు. అప్పుడు నాకు వేరే ఆలోచన వచ్చింది.

బీరువా వెనక పాత లుంగీలో చుట్టి ఆయన సర్దారు కట్టె ఉంది. టేకుది. బాయిలో కప్పుకు ఆసరాగా దుంగలు నిలబెట్టే దోస్తు ఒకాయన ముచ్చటపడి నునుపుగా చేసి ఇచ్చాడు. కింద ఇత్తడి పొన్ను ఉంటుంది. రిటైరైన రోజు దాన్ని ఇంటికి తెచ్చుకుని, ఎవ్వరూ ముట్టొద్దని చెప్పి దాచాడు.

మా బాత్రూం కప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది. వానలకు చెమ్మ పట్టి ఒక మూల సిమెంటు పెచ్చు ఉబ్బింది. అది తనంతట తాను ఊడాలంటే వచ్చే వానాకాలం దాకా ఆగాలి. నాకంత తీరిక లేదు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా కట్టె తీసి, తలుపు దగ్గరే నిలబడి, ఆ పెచ్చును ఒక్క పోటు పొడిచాను. ధన్‌మని ఊడి పడింది. కట్టెను మళ్లీ లుంగీలో చుట్టి, బీరువా వెనక పెట్టి, వెనక్కి వచ్చి అప్పుడు కేక వేశాను.

"ఓ అవ్వో! కప్పు కూలింది! కప్పు కూలింది!"

ఆయన గోడ పట్టుకోవడం మరిచిపోయి వచ్చాడు. కప్పు వైపు చాలాసేపు చూశాడు. కింద పడ్డ పెచ్చును చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"నువ్వు లోపల ఉన్నవా?"

"ఉంటె గిట్ల నీతోని ముచ్చట పెడుదునా?"

"జరుగు," అన్నాడు. పోయి కట్టె తెచ్చాడు.

ఆయన కప్పు తట్టడం నేను చూడడం అదే మొదటిసారి. ఇన్నేళ్లూ బువ్వ కట్టి పంపాను కానీ ఆ పని ఎప్పుడు చూశాను? తల ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని, అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాడు. మధ్యలో నేను ఏదో అనబోతే చేయి ఎత్తి ఆపాడు. "ఈ పక్క గట్టిగున్నది. గీడ డొల్ల. మేస్త్రిని పిలువు," అన్నాడు. ఆ గొంతులో రెండు నెలలుగా లేనిదేదో ఉంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సిమెంటు దుమ్మని చెప్పాను.

మర్నాడు నల్లా దగ్గర మా పక్కింటామె చెవిలో ఒక మాట వేశాను. ఆమె మధ్యాహ్నమే వచ్చి, "సర్దార్ మామా, మా వంటింట్ల స్లాబు కింద నిలవడాలంటె భయమైతుంది. జర అచ్చి చూడరాదు?" అంది.

మా ఆయన ఇస్త్రీ చొక్కా తొడిగాడు. కట్టె పట్టుకుని గేటు తీశాడు. పక్కిల్లే అయినా అది గేటు అవతలే కదా. అడుగుకొకసారి ఇత్తడి పొన్ను నేలకు తగులుతోంది. నేను ఆ వైపు చూడలేదు. "కట్టె పట్టి నడుస్తున్నవ్ సూడు" అని ఒక్క మాట అన్నానంటే అది కూడా చిక్కుడు పాదులోకి పోయేది.

పక్కింటి తర్వాత ఎదురిల్లు. ఆ తర్వాత వెనక గల్లీ. కొందరి కప్పులకు నిజంగానే జబ్బుంది. మిగతా కప్పులకు నేను చెప్పి తెప్పించాను. ఎక్కడికి పోయినా చాయ్ ఇచ్చి కుర్చీ వేసేవారు. ఆయన కుర్చీ జరిపి, ముందు కప్పు తట్టి, ఆ తర్వాతే కూర్చునేవాడు. నేనూ వెంట పోయేదాన్ని. మళ్లీ ఎక్కడ జారుతాడోనని ఎడమ రెక్క పట్టుకుని నడిచేదాన్ని. అంగడి కూడా మళ్లీ మొదలైంది. హోటల్ వైపు మాత్రం పోనిచ్చేవాడు కాదు. దగ్గరి దారి వదిలి చుట్టూ తిప్పి తీసుకుపోయేవాడు.

ఒక ఆదివారం ఆ చుట్టు దారిలో పైపుల కోసం గుంత తవ్వి పెట్టారు. హోటల్ ముందు నుంచి రాక తప్పలేదు. లోపల నుంచి దోస్తులు చూశారు.

"సర్దారూ! అరే, సర్దారు అచ్చిండు! రా, లోపలికి రా!"

ఆయన ఆ మెట్టు ముందు ఆగిపోయాడు. ఆయన రెక్క బిగుసుకోవడం నా చేతికి తెలిసింది. ఏమీ అనకూడదని నాలుక కరుచుకుని నిలబడ్డాను. ముందు కట్టె మెట్టు మీద పెట్టాడు. దాన్ని అదిమి చూశాడు. ఎక్కాడు.

ఎక్కినవాడు నేరుగా పోయి కూర్చుని చాయ్ తాగితే కథ అక్కడికి అయిపోయేది. కానీ నెలరోజులుగా చేయి అలవాటు పడింది కదా. గుమ్మం దాటగానే కట్టె ఎత్తి కప్పును తట్టాడు. డొబ్‌మంది. ఇంకోచోట తట్టాడు. అక్కడా డొబ్‌మనే మోగింది. నాలుగు మూలలా తట్టాడు. కప్పు మొత్తం డొల్ల. ఆయన మొహం మారిపోయింది.

"లేవుండ్రి! బయటికి! ఒక్కలు లోపల ఉండొద్దు!"

ఆ గొంతు గురించి వినడమే కానీ ఎన్నడూ వినలేదు నేను. దాని తర్వాత జరిగింది చూడకపోతే నా జన్మ వృథా అయ్యేది. కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు చేయందించాలని చెప్పే ఆయన అందరికంటే ముందు రోడ్డు మీద ఉన్నాడు. మోకాలి ఆపరేషన్ అయిన ఆయన బెంచీ దాటి దూకాడు. "నా కాళ్లు ఎప్పుడో పోయినయ్" అని కనిపించిన వారందరికీ చెప్పుకునే ఆయన తన చేతికర్ర లోపలే వదిలేసి వచ్చాడు. ముసలోళ్లందరూ రోడ్డు మీదే. కొందరి చేతుల్లో చాయ్ గ్లాసులు అట్లాగే ఉన్నాయి. ఎందుకని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. లోపల మిగిలింది బాయి ఎరగని కుర్రాళ్లు. పూరీ ముక్క చేతిలో పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నారు.

హోటలాయన గరిటెతో పరుగెత్తుకొచ్చాడు.

"ఓ పెద్దయ్యా! గది ఫాల్స్ సీలింగ్! మొన్ననే కొట్టించిన! అసలు స్లాబు దాని మీదున్నది. ప్లాస్టిక్ పలకలాయె, డొల్లగ మోగక ఎట్ల మోగుతది?"

ఆయన గేటు దాటని రోజుల్లో హోటల్ కప్పు కింద అందం కోసం వేరే కప్పు వచ్చి చేరింది. ఆ సంగతి ఆయనకెట్లా తెలుస్తుంది? బాయిలో ఉత్తుత్తి కప్పులుండవు.

ముందు కుర్రాళ్లు నవ్వారు. తర్వాత రోడ్డు మీద ఒక ఆయన కిసుక్కుమన్నాడు. ఇక ఎవరూ ఆగలేదు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఎవరివైపూ చూడకుండా మెట్టు దిగి ఇంటి దారి పట్టాడు. ఎంత వేగంగా నడిచాడంటే నేను అందుకోలేకపోయాను. దారిలో ఒక అరుగు మీద కూర్చోవలసి వచ్చింది, సంచి బరువుకు.

నేను ఇల్లు చేరేసరికి కట్టె లుంగీలోకి, లుంగీ బీరువా వెనక్కి పోయాయి. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ సాయంత్రమే బిడ్డ వీడియో కాల్ చేసి, "అవ్వా, సామాన్లు సదురుతున్నవా?" అని అడిగింది. దసరా దగ్గరికొచ్చింది. నేను ఊ కొట్టాను. నవ్వులాటగా మొదలుపెట్టి చివరికి ఆయన్ను మళ్లీ అందరిముందూ పడేశానే అని ఏడుపొచ్చింది. ఈసారి దుమ్ము సాకు కూడా లేదు.

తెల్లారి చాయ్ పెడుతుంటే గేటు దగ్గర కేక వినపడింది. మోకాలి ఆపరేషన్ ఆయన.

"సర్దారూ! ఏందయ్యా, ఇంకా రాకపోతివి? అందరం బయటనే నిలవడ్డం!"

"ఎందుకు నిలవడ్డరు?" అన్నాడు మా ఆయన లోపల్నుంచి, లేవకుండానే.

"ఎందుకంటవేంది? నిన్న బయటికి అంటివి. మళ్ల లోపలికి అనలే గద? నువ్వు కప్పు పాస్ చెయ్యక మేం ఎట్ల పోతం?"

"పరాచికాలాడుతున్నరా నాతోని?"

"నీతోని పరాచికాలాడి బతికినోడు ఉన్నడా? చాయ్ లేక పానం పోతుంది. జల్ది రా."

మా ఆయన నా వైపు చూశాడు. నేను పొయ్యి వైపు చూశాను. కొంచెంసేపటికి బీరువా వెనక లుంగీ విప్పుతున్న చప్పుడైంది.

పాలు ఇంట్లో ఉన్నా పాలకని చెప్పి వెనకే పోయాను. నిజంగానే అందరూ రోడ్డు మీద వరసగా నిలబడి ఉన్నారు. హోటలాయన నెత్తి పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. మా ఆయన మెట్టెక్కి, ఆ ప్లాస్టిక్ కప్పును నాలుగు వైపులా తట్టి, తల వంచి విన్నాడు. ఆయన మూతి చివర నవ్వు దాగడం లేదు.

"పోండ్రి. పైలం."

అందరూ లోపలికి పోయారు. అప్పటి నుంచి రోజూ అంతే. ఆయన వచ్చి తట్టనిదే ఎవరూ లోపల అడుగు పెట్టరు. జ్వరమొచ్చి ఒకరోజు ఆలస్యమైతే హోటలాయనే ఫోన్ చేసి, "పెద్దయ్యా, జర అచ్చి పాస్ చెయ్యి, నా గిరాకీ రోడ్డు మీదున్నది" అని బతిమాలాడు.

దసరాకు బిడ్డ వచ్చింది. వాళ్ల బాపు మంచంలో లేకపోయేసరికి పరేషానైంది. అంతలోనే గేటు దగ్గర టక్కుటక్కుమని పొన్ను చప్పుడైంది.

"బాపూ! కట్టె పట్టినవా!"

"కట్టె గాదు బిడ్డా, డ్యూటీ."

గెలిచానన్న సంతోషంతో, ఉండబట్టలేక పెచ్చు సంగతంతా బిడ్డ చెవిలో వేసి, చిక్కుడుకాయలు తెంపడానికి పెరట్లోకి పోయాను. వాళ్లిద్దరూ కిటికీ అవతల కూర్చున్నారు. మాటలు వినపడుతున్నాయి.

"మా అవ్వ మస్తు ప్లాను చేసింది గద బాపూ. నీకు ఎర్కనే కాలే!"

"ఎర్క గాకపోవుడేంది? ఉబ్బిన పెచ్చు తనంతట ఊడితె అంచు గట్ల ఉండది. నడుమల గుండ్రంగ పొన్ను గుర్తు పడ్డది. చూడంగనె సమజైంది."

"మరి ఊకున్నవెందుకు?"

ఆయన కట్టెను గోడకు ఆనించిన చప్పుడైంది.

"మీ అవ్వ మోకాళ్లు పోయినయి బిడ్డా. చెప్పది. సంచి బరువంటది. నేను ఇంట్ల కూసుంటె ఆమె అంగడి బందైంది. నేను లేస్తె, నేను పడ్తనని నా రెక్క పట్టుకొని నడుస్తది. గట్లనన్న నడుస్తది గదా అని లేచిన. పట్టుకున్నది నాకోసమే అనుకోనీ."

నా చేతిలో కాయలు అట్లాగే ఉన్నాయి. సిగ్గూ కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వాటిలో కోపాన్నే ముందు బయటికి పంపాను.

"ఎవ్వల మోకాళ్లు?" అన్నాను కిటికీలోంచి.

"ఎవ్వలయి కావే. చిక్కుడు తీగ ముచ్చట," అన్నాడు.

బిడ్డ రెండు రోజులుండి ఒక్కతే బయలుదేరింది. పోయేముందు పెరట్లోకి వచ్చి, తీగలో మునిగిన ఆ నాలుగు కాళ్ల కర్రను చూసింది, నా మోకాళ్లను చూసింది.

"అవ్వా, గా కర్ర..."

"ముట్టకు బిడ్డా, తీగ ఎండిపోతది," అన్నాను.

ఆదివారం అంగడికి బయలుదేరాం. గేటు దగ్గర ఆయన ఆగాడు. కట్టెను కుడిచేతిలోకి మార్చుకుని ఎడమ రెక్క నా వైపు చాపాడు.

"పట్టుకోయే, నేను పడ్తనేమో."

పట్టుకున్నాను. మరి పడితే ఎట్లా?